విశ్వశాస్త్రానికి పనిముట్టు పట్టే చేతులు కావాలి

సంపాదకుల గారికి,

నమస్కారములు.

విశ్వశాస్త్రాన్ని వృత్తిగా ఎంచుకోదలచిన విద్యార్థుల కోసం మీ పత్రికలో ఇటీవల వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ప్రవేశ పరీక్షల ప్రకటనలతో నిండిపోయే పుటలో ఇలాంటి విషయానికి చోటిచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. అయితే ఆ వ్యాసం చదివిన ఇంటర్ విద్యార్థి మనసులో చివరకు మిగిలే అభిప్రాయం ఒక్కటే: గణితంలో అసాధారణమైన ప్రతిభ ఉండి, నల్లబల్ల నిండా సమీకరణాలు రాయగలిగిన కొద్దిమందికే ఈ రంగమని, మిగిలిన వారు దూరం నుంచి చూసి ఆశ్చర్యపోవలసిందేనని. మూడు దశాబ్దాలకు పైగా కోనసీమ కళాశాలల్లో భౌతికశాస్త్రం బోధించి ఉద్యోగ విరమణ చేసినవాడిగా, ఈ అభిప్రాయం సరికాదని మనవి చేస్తున్నాను. విశ్వం పుట్టుపూర్వోత్తరాల గురించి ఈనాడు మనకు నికరంగా తెలిసిన సంగతుల్లో ఎక్కువ భాగం, పరికరాలు కట్టి, వాటి లోపాలు కనిపెట్టి, సరిదిద్ది, మళ్లీ కొలిచినవారి చేతుల మీదుగానే వచ్చాయి.

ఇందుకు డేవిడ్ విల్కిన్సన్ అనే అమెరికన్ భౌతికశాస్త్రవేత్త జీవితాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. 1935లో మిచిగన్ రాష్ట్రంలో పుట్టిన ఆయన, అక్కడి విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రాన్ అయస్కాంత లక్షణాన్ని అతి సూక్ష్మంగా కొలిచి డాక్టరేటు పొందారు. ఆ తరువాత ప్రిన్స్‌టన్‌లో రాబర్ట్ డికీ బృందంలో చేరారు. విశ్వం ఒకప్పుడు మహా వేడిగా ఉండి ఉంటే ఆ వేడి తాలూకు మిగులు ఇప్పటికీ ఆకాశమంతటా సూక్ష్మతరంగాల రూపంలో ఉండాలి కదా అని డికీ భావించగా, పీటర్ రోల్, విల్కిన్సన్ కలిసి దానిని పట్టుకునే రేడియోమీటరును నిర్మించి విశ్వవిద్యాలయ భవనం పైకప్పు మీద అమర్చసాగారు. వారి పని పూర్తి కాకముందే, అక్కడికి ఎంతో దూరం లేని హోమ్‌డెల్‌లో ఆర్నో పెంజియాస్, రాబర్ట్ విల్సన్ అనే ఇద్దరు ఆ తరంగాలను అనుకోకుండా చూశారు.

ఆ ఇద్దరి కథ మన విద్యార్థులకు వివరంగా చెప్పదగినది. 1964లో వారు ఒక పెద్ద కొమ్ము ఆకారపు యాంటెన్నాతో 7.35 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం వద్ద ఆకాశాన్ని వింటుండగా, లెక్కకు అందని అదనపు శబ్దం ఒకటి పగలూ రాత్రీ, ఏ దిక్కుకు తిప్పినా ఒకే తీరుగా వినిపించింది. అప్పుడు వారు చేసినది సిద్ధాంత చర్చ కాదు. కొమ్ములో గూడు కట్టుకున్న పావురాలను పట్టించి, వాటి రెట్టను కడిగించారు. రేకుల అతుకుల దగ్గర రివెట్ల మీద అల్యూమినియం పట్టీ అంటించారు. ద్రవ హీలియంలో చల్లబరచిన ఒక ప్రమాణ వస్తువుతో పోల్చి, తమ రిసీవరు స్వయంగా చేసే శబ్దం ఎంతో విడిగా తేల్చారు. ఇవన్నీ చేసిన తరువాత కూడా, ఉష్ణోగ్రతగా లెక్కిస్తే సుమారు 3.5 కెల్విన్‌ల మేర శబ్దం మిగిలింది కనుకనే, అది ఆకాశానిదేనని ధైర్యంగా చెప్పగలిగారు. 1978లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ బహుమతికి అర్హత తెచ్చింది ఆ కడుగుళ్లూ ఆ అతికింపులేనని నా దృఢ విశ్వాసం.

విల్కిన్సన్ నిరుత్సాహపడలేదు. ఆయనా రోల్ కలిసి తమ రేడియోమీటరును పూర్తి చేసి, 3.2 సెంటీమీటర్ల వద్ద కొలిచి, 1966లో ఫలితాన్ని ప్రచురించారు. రెండు వేర్వేరు తరంగదైర్ఘ్యాల వద్ద ఇంచుమించు ఒకే ఉష్ణోగ్రత రావడంతో, అది నిజంగా ఆదిమ ఉష్ణం తాలూకు వికిరణమేనన్న నమ్మకం బలపడింది. ఆ తరువాత ఆయన మిగిలిన జీవితమంతా ఆ ఒక్క వికిరణాన్ని మరింత సూక్ష్మంగా కొలవడానికే వెచ్చించారు. ఆ వికిరణాన్ని అంతరిక్షం నుంచి కొలవడానికి తలపెట్టిన కోబీ ఉపగ్రహ ప్రతిపాదన 1974లో మొదలైతే అది నింగికెగిరింది 1989 నవంబరులో. మధ్యలో 1986లో ఛాలెంజర్ ప్రమాదం జరిగి, షటిల్‌లో వెళ్లవలసిన ఉపగ్రహాన్ని చిన్న రాకెట్‌కు సరిపోయేలా బరువు తగ్గించి తిరిగి రూపొందించవలసి వచ్చింది. ఒక పరికరం కోసం పదిహేనేళ్లు! ఆ తరువాతి ఉపగ్రహం 2001 జూన్‌లో బయలుదేరింది. దాని తొలి ఫలితాలు 2003లో వెలువడే నాటికి విల్కిన్సన్ లేరు. 2002 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. ఆ ఉపగ్రహానికి తరువాత ఆయన పేరే పెట్టారు. విశ్వం వయసు దాదాపు 1,370 కోట్ల సంవత్సరాలని మన పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కిన అంకె ఆ ఉపగ్రహం కొలతల ఫలితమే.

ఇక్కడ నేను ముఖ్యంగా చెప్పదలచిన మాట ఒకటుంది. డికీ రేడియోమీటరులో కీలకం ఒక స్విచ్చి. అది యాంటెన్నా వైపు ఒకసారి, ఉష్ణోగ్రత తెలిసిన ప్రమాణ వస్తువు వైపు ఒకసారి వెంట వెంటనే మారుతూ, రెండింటి మధ్య తేడాను మాత్రమే చూపుతుంది. యాంప్లిఫయరు కాస్త అటూ ఇటూ ఊగినా, ఆ ఊగు రెండు వైపులా సమానంగా ఉంటుంది కనుక తేడాలో పోతుంది. కోబీలోని వర్ణపట పరికరం కూడా ఆకాశాన్ని తనలోనే ఉన్న ఒక ప్రమాణ కృష్ణవస్తువుతో, అంటే తన ఉష్ణోగ్రతను బట్టి మాత్రమే వికిరణం వెలువరించే వస్తువుతో, పోల్చింది. ఆ వస్తువు ఉష్ణోగ్రతను మెల్లగా మారుస్తూ పోతే, ఆకాశానికీ దానికీ తేడా దాదాపు శూన్యమయ్యే చోటు వస్తుంది. ఆకాశం 2.725 కెల్విన్‌ల వద్ద ఉన్న కృష్ణవస్తువేనని అంత కచ్చితంగా తెలిసింది ఆ విధంగానే. విల్కిన్సన్ పేరుతో ఉన్న ఉపగ్రహంలోనూ రెండు దర్పణాలు వీపు వీపు ఆనించినట్లు చెరొక దిక్కు చూస్తూ తేడానే కొలిచాయి.

మన ఇంటర్ ప్రయోగశాలలో పొటెన్షియోమీటరు చేసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. చెక్క మీద బిగించిన తీగ వెంబడి జాకీ అనే లోహపు మొనను జరుపుతూ పోతే, ప్రవాహం ఉందో లేదో చూపే గాల్వనామీటరు ముల్లు ఒక చోట ఎటూ కదలకుండా సున్నా మీద నిలుస్తుంది. ఆ సంతులన బిందువు దగ్గర గాల్వనామీటరు మంచిదా పాతదా అన్న ప్రశ్నే ఉండదు, ఎందుకంటే దాన్ని మనం అడుగుతున్నది ఎంత అని కాదు, ఉందా లేదా అని మాత్రమే. రెండు విద్యుద్ఘటాలను పోల్చడానికి మన పిల్లలు వాడే ఈ ఉపాయాన్నే, ఆకాశాన్నీ ఒక కృష్ణవస్తువునూ పోల్చడానికి ఆ మహానుభావులు వాడారు. ఇన్నేళ్లు పాఠం చెప్పిన నేను ఈ సంగతిని చాలా ఆలస్యంగా గ్రహించాను. ముందే తెలిసి ఉంటే ఒక విద్యార్థికి చెప్పి ఉండేవాడిని.

ఆ అబ్బాయి తండ్రి కాలువ లాకుల దగ్గర ఇంజన్లు బాగుచేసేవారు. పరీక్షల్లో అబ్బాయికి మార్కులు అంతంతమాత్రం. ఒకరోజు పొటెన్షియోమీటరు ప్రయోగంలో సంతులన దైర్ఘ్యం తీసిన ప్రతిసారీ కొద్దికొద్దిగా పెరుగుతోందని గమనించి, పక్కవారిలాగా మూడు అంకెలు రాసి సగటు కట్టకుండా, ఒక్కొక్క మర చేత్తో కదిపి చూశాడు. రెండో తీగా మూడో తీగా కలిసే రాగి పట్టీ కింద ఆకుపచ్చగా చిలుము పట్టి ఉంది. మన తేమగాలికి రాగికి చిలుము పట్టడం వింతేమీ కాదు. ఆ అతుకు దగ్గర నిరోధం పెరిగి, ప్రవాహం తగ్గి, సంతులన బిందువు ముందుకు జరుగుతోంది. జేబులోంచి ఉప్పు కాగితం ముక్క తీసి, పట్టీనీ మర అడుగునూ రుద్ది, తిరిగి బిగించి, అంకె నిలిచేదాకా చూసి, జరిగినదంతా రికార్డు పుస్తకంలో రాశాడు. ఆ ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు వచ్చిన పరిశీలకుడు ఆ పుటను అడ్డంగా కొట్టివేసి, ఇలాంటివి రాయకూడదని, పట్టికా ఫలితమూ ఉంటే చాలునని చెప్పారు. నేను అక్కడే ఉన్నాను, గట్టిగా అభ్యంతరం చెప్పలేకపోయాను. ఆ అబ్బాయి ఇప్పుడు రొయ్యల చెరువుల ఏరేటర్ల మోటార్లు బాగుచేస్తూ గౌరవంగా బతుకుతున్నాడు. కానీ పెంజియాస్, విల్సన్ చేసిన పనికీ, ఆ రోజు అతడు చేసిన పనికీ స్వభావంలో భేదం లేదని, అలాంటి చేతుల కోసం వెతుక్కునే సంస్థలు మన దేశంలోనే ఉన్నాయని అప్పుడు చెప్పగలిగినవారు అతడికి ఎవరూ దొరకలేదు.

డెల్టాలో ఉండే మనకు తేమ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. బైనాక్యులర్‌ను రెండు వానాకాలాలు పెట్టెలో వదిలేస్తే కటకం మీద సాలెగూడులా బూజు పాకుతుంది. విశ్వశాస్త్ర పరికరాలు కట్టేవారికి ఈ తేమే ప్రథమ శత్రువు. ఆదిమ వికిరణం బలంగా ఉండే మిల్లీమీటరు తరంగాలను గాలిలోని నీటి ఆవిరి మింగివేస్తుంది, పైగా తనూ తరంగాలు వెలువరిస్తుంది. అందుకే ఆ దూరదర్శినులు చిలీ దేశపు అటకామా ఎడారిలో 5,000 మీటర్లకు మించిన ఎత్తున, లేదా సుమారు 2,800 మీటర్ల మంచు పీఠం మీద ఉన్న దక్షిణ ధ్రువంలో కనిపిస్తాయి. అటకామాలో ఆకాశంలోని ఆవిరి అంతటినీ నీరుగా మార్చి నేల మీద పోస్తే ఒక మిల్లీమీటరు అటూ ఇటూగా ఉంటుంది. శ్రావణ మాసపు కోనసీమ ఆకాశంలో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ధ్రువంలో నెలల తరబడి రాత్రి, విమానాలు రావు. పరికరాన్ని కనిపెట్టుకుని చలికాలమంతా అక్కడే ఉండిపోయే మనిషి ఒకరు ప్రతి బృందంలోనూ ఉంటారు. ఏ బేరింగు అరిగినా, ఏ తీగ తెగినా ఆ మనిషే బాగుచేసుకోవాలి.

దక్షిణ ధ్రువంలో నిలిపిన బైసెప్2 దూరదర్శిని ద్వారం వెడల్పు 26 సెంటీమీటర్లు మాత్రమే. దాని కటకాలు గాజువి కావు. మన డాబాల మీది నీళ్ల డ్రమ్ములు ఏ జాతి ప్లాస్టిక్కుతో చేస్తారో ఆ పాలీఇథిలీన్‌నే తరిచి, నునుపు చేసి, కటకాలుగా మలిచారు. మిల్లీమీటరు తరంగాలకు అది గాజులాగే పనిచేస్తుంది. వాటి వెనుక అయిదు వందల పైచిలుకు శోధకాలు, కెల్విన్‌లో పావు వంతు దగ్గరి చలిలో, విద్యుత్ నిరోధం పూర్తిగా మాయమయ్యే అతివాహకత్వం మొదలయ్యే అంచున నిలిచి, ఆకాశం నుంచి వచ్చే అతి స్వల్పమైన వేడికి తమ నిరోధం మారడం ద్వారా సంకేతమిస్తాయి. ఆ చలికి హీలియం కావాలి. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని గుంటూరులో జాన్సెన్, మచిలీపట్నంలో నార్మన్ పాగ్సన్ వర్ణపటదర్శినులతో చూశారు. ఆ సంవత్సరపు సూర్య వర్ణపట పరిశీలనలే హీలియం అనే మూలకం ఒకటుందని మనిషికి మొదట చూపాయి. మన పొరుగు డెల్టా నేల మీద నిలిపిన పరికరాలకు ఆ కథలో చోటుందని పిల్లలకు చెప్పే పాఠ్యపుస్తకం నా కంట పడలేదు.

అదే బైసెప్2 బృందం 2014 మార్చిలో, విశ్వం పుట్టిన తొలి క్షణపు గురుత్వ తరంగాల గుర్తు దొరికిందని ప్రకటించింది. ఇదే వికిరణాన్ని అంతరిక్షం నుంచి కొలిచిన ప్లాంక్ ఉపగ్రహం కొలతలతో కలిపి చూసేసరికి, ఆ గుర్తును మన పాలపుంతలోని ధూళితోనే వివరించవచ్చని 2015 తొలి నెలల్లో తేలింది. ఆ రెండు బృందాలూ కలిసే ఆ మాట ప్రచురించాయి. పరికరం తప్పు చూపలేదు, ఆ సంకేతం నిజమైనదే. దాని మూలమే వేరు. ఈ వృత్తిలో ప్రవేశించే విద్యార్థికి ఈ ఉదంతం తప్పక చెప్పాలి. ఏళ్ల తరబడి కట్టిన పరికరం చివరకు ధూళిని చూపినా, ఆ ధూళిని తీసివేసి మళ్లీ కొలిచే ఓపిక ఉన్నవారే ఇందులో నిలబడతారు. ఆ బృందం ఇప్పటికీ మరిన్ని దూరదర్శినులతో అదే చోట కొలుస్తోంది.

మన దేశం సంగతికి వస్తాను. తొలి నక్షత్రాలు వెలిగిన కాలపు హైడ్రోజన్ జాడ దొరికిందని 2018లో ఒక విదేశీ బృందం ప్రకటించింది. బెంగళూరు రామన్ పరిశోధన సంస్థ వారు సారస్ అనే రేడియోమీటరుతో దాన్ని సరిచూడదలచారు. యాంటెన్నా కింద నేల పొరలు పొరలుగా ఉంటే ప్రతిఫలనాలు సంకేతాన్ని చెడగొడతాయి. నీరైతే అంతటా ఒకే తీరుగా ఉంటుంది. కనుక వారు యాంటెన్నాను తెప్ప మీద పెట్టి, 2020లో కర్ణాటకలోని దండిగానహళ్లి చెరువులోనూ, శరావతి నది వెనుక జలాల్లోనూ తేలవిడిచారు. 2022లో వెలువడిన ఫలితం ప్రకారం, ఆ విదేశీ బృందం చెప్పిన ఆకారంలోని సంకేతం తమ కొలతల్లో లేదని 95 శాతానికి మించిన విశ్వాసంతో తేలింది. ప్రపంచమంతా చర్చించిన ఒక ప్రకటనను చెరువులో తేలిన తెప్ప ప్రశ్నించింది. కోటిపల్లి రేవులో పంటు మీద వాహనాలను ఒరగకుండా సర్ది గౌతమిని దాటించేవారికి, నీటి మీద బరువును ఎలా నిలపాలో ఒకరు నేర్పాలా?

అలాగే పుణె సమీపంలోని ఖొదాద్ వద్ద గోవింద్ స్వరూప్ గారి నాయకత్వంలో వెలసిన భారీ రేడియో దూరదర్శినిలో ఒక్కొక్కటీ 45 మీటర్ల వ్యాసం గల 30 డిష్‌లున్నాయి. అంత పెద్ద లోహపు పళ్లేలను తక్కువ ఖర్చుతో, గాలికి తట్టుకునేలా నిలపడానికి వారు వేసిన ఎత్తు ఏమిటంటే, రేకులకు బదులు సన్నని స్టెయిన్‌లెస్ స్టీలు తీగల వలను, తాళ్లలా బిగించిన ఉక్కు తీగల మీద సాగదీసి కట్టడం. గాలి వలలోంచి పోతుంది, రేడియో తరంగం మాత్రం వలకు తగిలి వెనుదిరుగుతుంది. అంతర్వేది పల్లిపాలెంలో వల అల్లే పెద్దవారికి ఈ మాట చెప్పినప్పుడు, కన్ను ఎంత వెడల్పు పెట్టారని ఆయన అడిగిన మొదటి ప్రశ్నే, తరంగదైర్ఘ్యాన్ని బట్టి ఇంజనీర్లు తేల్చుకోవలసిన మొదటి ప్రశ్న కూడా.

ఇంతటి అవకాశం ఉన్న చోట మనం చేస్తున్నదేమిటి? నేను చివరిగా పనిచేసిన కళాశాలలో భౌతికశాస్త్ర ప్రయోగశాలను తాళం వేసి, ఆ గదిని పోటీ పరీక్షల శిక్షణకు ఇచ్చారు. పిల్లలు నిరుటి రికార్డులు చూసి ఈ ఏటి రికార్డులు రాశారు. ముట్టుకోని ప్రయోగాలకు అందరికీ పూర్తి మార్కులు వచ్చాయి. తల్లిదండ్రులు కూడా సంతోషించారు. పరికరాలను గోనెసంచుల్లో కట్టి, తుక్కు కింద అమ్మేశారు. ఇది ఒక్క కళాశాల సంగతి కాదని ఈ జిల్లాల అధ్యాపకులందరికీ తెలుసు. తల్లిదండ్రులకూ, యాజమాన్యాలకూ, విద్యాధికారులకూ చేతులు జోడించి అడుగుతున్నాను: ప్రాక్టికల్ పరీక్షను నిజంగా జరపండి, తక్కువ వచ్చినవారికి తక్కువే వేయండి.

మీ పత్రికకు కూడా ఒక విన్నపం. ఈ వృత్తి గురించి రాసేటప్పుడు దాని ద్వారాలన్నీ చూపించండి. బీఎస్సీ తరువాత జామ్, జెస్ట్ అనే జాతీయ ప్రవేశ పరీక్షల ద్వారా పరిశోధన సంస్థల్లో చేరే దారి ఉంది. బెంగళూరు భారత ఖగోళ భౌతిక సంస్థ కలకత్తా విశ్వవిద్యాలయంతో కలిసి ప్రత్యేకించి ఖగోళ పరికరాల నిర్మాణంలోనే ఎం.టెక్., పీహెచ్.డీ. చదువు నడిపింది. ఆ సంస్థే లద్దాఖ్‌లోని హాన్లేలో 4,500 మీటర్ల ఎత్తున, శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరిట ఉన్న చంద్ర దూరదర్శినిని బెంగళూరు దగ్గరి హొసకోట నుంచి ఉపగ్రహ సంధానం ద్వారా నడుపుతోంది. ఇలాంటి సంస్థలకు డిప్లొమా, ఐటీఐ చదివిన ఫిట్టర్లు, ఎలక్ట్రీషియన్లు, మెషినిస్టులు కూడా కావాలి. వారు లేనిదే ఏ శాస్త్రవేత్త కొలతా ముందుకు సాగదు. సిద్ధాంతం చేసేవారిని తక్కువ చేసి ఈ మాట అనడం లేదు. విశ్వం వేడిగా పుట్టిందని ఊహించినవారు లేకపోతే, పెంజియాస్, విల్సన్‌ల యాంటెన్నాలో మిగిలిన శబ్దం ఏమిటో చెప్పగలిగినవారే ఉండేవారు కాదు.

అధ్యాపక మిత్రులకు పెద్ద ఖర్చు లేని ఒక ప్రయోగం సూచిస్తాను. ఇంట్లో మూలపడేసిన డీటీహెచ్ డిష్, దాని కొన మీది రిసీవరు, డిష్ బిగించేవారు వాడే ముల్లు మీటరు, వాటికి విద్యుత్తు అందించే సెట్‌టాప్ బాక్సు ఉంటే చాలు. డిష్‌ను ఉపగ్రహాలు లేని నిర్మలాకాశం వైపు తిప్పితే ముల్లు కిందికి దిగుతుంది, కొబ్బరి చెట్టు మొవ్వు వైపు తిప్పితే లేస్తుంది. రిసీవరు ముందు అరచేయి పెట్టినా లేస్తుంది. తమ చేతి వేడి కూడా రేడియో తరంగాలుగా వెలువడుతోందని తెలిసిన క్షణాన పిల్లల కళ్లు చూడాలి. సూర్యుడి వైపు తిప్పినా లేస్తుంది. మార్చి రెండో వారంలోనూ, సెప్టెంబరు నెలాఖరున, అక్టోబరు మొదట్లోనూ రోజూ కొద్ది నిమిషాలు కేబుల్ ప్రసారాలు చెడిపోవడానికి కారణం, సూర్యుడు ఉపగ్రహం వెనుకకు వచ్చి ఇలాగే పెద్ద డిష్‌లను నింపివేయడమే. నిర్మలాకాశానికీ కొబ్బరి మొవ్వుకూ మధ్య ముల్లులో వచ్చే తేడాను రాసుకోవడమంటే, డికీ స్విచ్చి చేసిన పనిని చేత్తో చేయడమే.

తుక్కుకు వెళ్లిన ఆ గోనెసంచుల్లో ఆ విద్యార్థి చిలుము వదిలించిన పొటెన్షియోమీటరు కూడా ఉంది. మరునాడే పాత ఇనుప సామాను కొట్టుకు వెళ్లి దాన్ని కొని తెచ్చుకున్నాను. తీగలు మార్చాను, మరలన్నీ కొత్తవి వేశాను, సంతులన బిందువు ఇప్పుడు కదలకుండా నిలుస్తోంది. డెల్టాలోని ఏ కళాశాలైనా దానిని మళ్లీ బల్ల మీద పెట్టి పిల్లల చేత పని చేయిస్తామంటే, ఆటో ఖర్చులు కూడా నేనే పెట్టుకుని తెచ్చి అప్పగిస్తాను.

భవదీయుడు,
విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు,
అమలాపురం, కోనసీమ జిల్లా.